పాత ఖాకీ చొక్కా – కొత్త కట్టుకథలు

సావనీరుకు వ్యాసం ఇవ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే, "పాత సైనిక చొక్కాల గురించి రాస్తా" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని మర్యాదగా నవ్వారు. దేశంలో ఇన్ని సమస్యలుండగా ఈయనకు చొక్కా దొరికిందేమిటని అనుకుని ఉంటారు. చదువరులూ అలాగే అనుకోవచ్చు. కానీ చరిత్ర మనకు ఎప్పుడూ గ్రంథాల్లోంచే రాదు. ఒక్కోసారి సంతలో తాడుకు వేలాడే గుడ్డ రూపంలోనూ వస్తుంది. దాన్ని మనం ఎలా చదువుతాం, ఎంత నిజాయితీగా చదువుతాం అన్నదే నా ప్రశ్న.

పాతబస్తీ తెలిసినవాళ్ళకు జుమేరాత్ బజారు గురించి చెప్పనక్కరలేదు. 1578లో కట్టిన పురానాపూల్‌కు దగ్గర్లో గురువారం గురువారం జరిగే సంత అది. తుప్పు పట్టిన తాళాలు, మూతల్లేని కూజాలు, ఆగిపోయిన గడియారాలు, ఎవరెవరివో పెళ్ళిఫోటోలు, వాటి మధ్య గుట్టలుగా పాత బట్టలు. నేను ఈ కాలేజీలో చదువుకుని, బయట పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. గురువారం వస్తే కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి.

అక్కడ ఒక అంగడిలో ఒక ఖాకీ చొక్కా చూశాను. ధర అడిగితే, పాత చొక్కాగా అయితే రెండు వందలన్నాడు. ఫౌజీ చొక్కాగా అయితే ఎనిమిది వందలు. "నిజాం ఫౌజ్‌కా హై సాబ్, బిల్కుల్ అస్లీ" అన్నప్పటికి మూడు వేలైంది. పక్కనున్న ఇంకొకాయన గొంతు తగ్గించి "రజాకారుది" అన్నాడు. ఆ మాటకు మాత్రం ధర చెప్పలేదు. "మీరే చెప్పండి సాబ్" అన్నాడు. చొక్కా అదే, గుండీలు అవే. అయిదు నిమిషాల్లో నాలుగు చరిత్రలు! గుడ్డ విలువ రెండు వందలే, మిగతాదంతా కథ ఖరీదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ అంగడివాణ్ణి నేను తప్పు పట్టను. అతనిది కడుపు కోసం వ్యాపారం. నా ఫిర్యాదంతా చదువుకున్న మన మీదే. కథను కొనేది మనం, దాన్ని ఇంటికి తెచ్చి గోడకు తగిలించి "ఇది చరిత్ర" అని నలుగురికి చెప్పేదీ మనమే.

అసలు "హైదరాబాద్ సైన్యం" అంటేనే మనలో చాలామందికి గందరగోళం. చొక్కా భుజం మీద ఇత్తడి అక్షరాల్లో "హైదరాబాద్" అని కనిపిస్తే చాలు, నిజాం సైన్యమని తేల్చేస్తాం. కానీ ఆ పేరు పెట్టుకున్న సైన్యాలు రెండున్నాయి. ఒకటి నిజాం స్వంత సంస్థాన సైన్యం. రెండోది బ్రిటిషు ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంటు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ 1813లో కూర్చిన దళం, తర్వాతి హైదరాబాద్ కంటింజెంటు దాని పూర్వీకులు. ఆ కంటింజెంటు 1903లో బ్రిటిషు ఇండియా సైన్యంలో కలిసిపోయింది. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటని పేరొచ్చేనాటికి దానికి మన ఊరితో మిగిలింది పేరు సంబంధమే. అందులోని జవాన్లు ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరు 27న అది కుమావూన్ రెజిమెంటుగా మారింది. జనరల్ తిమ్మయ్యగారు యువ అధికారిగా చేరింది అందులోనే. మొదటి పరమవీరచక్ర మేజర్ సోమనాథ్ శర్మ 1942లో కమిషను పొందింది కూడా ఆ రెజిమెంటులోనే. అంటే, "హైదరాబాద్" అని ఉన్న చొక్కాను తొందరపడి నిజాం ఖాతాలో వేస్తే, తిమ్మయ్యగారిని నిజాం కొలువులో పెట్టినట్టవుతుంది!

చిక్కు ఇంకా ఉంది. 1941 డిసెంబరులో జపానువాళ్ళు మలయాలో కోటా భారు దగ్గర దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది నిజాం సంస్థానపు 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ. 19వ హైదరాబాద్ రెజిమెంటు 4వ పటాలమూ ఆ మలయా యుద్ధంలోనే ఉంది. ఒకే యుద్ధం, ఒకే ఊరి పేరు, యజమానులు మాత్రం వేరు. ఒక ముసలాయన ట్రంకుపెట్టెలోంచి మలయా నాటి చొక్కా బయటపడితే, అది ఏ హైదరాబాదుదో పేరొక్కదాన్ని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక రంగు సంగతి. ఖాక్ అంటే దుమ్ము. 1846లో పెషావరు వైపు లమ్స్‌డెన్ అనే అధికారి గైడ్స్ దళాన్ని కూర్చినప్పుడు ఆ దుమ్ము రంగు సైన్యంలో పాతుకుపోయింది. అక్కడినుంచి అది ప్రపంచమంతా పాకింది. సిపాయితో పాటు పోలీసు, బస్సు డ్రైవరు, స్కౌటు, ఫారెస్టు గార్డు అందరూ తొడుక్కున్నారు. 1948లో మన రాష్ట్రంలో నిజాం సిపాయిలు, పోలీసులు, ఖాసిం రజ్వీ రజాకార్లు అందరూ ఖాకీలోనే తిరిగారు. అదే బట్ట, బహుశా కుట్టిన దర్జీ కూడా ఒక్కడే. అంచేత ఖాకీ రంగు ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పదు. నలుపు తెలుపు ఫోటోలు ఇంకా మోసం. 1948 సెప్టెంబరు 18న జనరల్ ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయిన నాటి ఫోటోలు అందరం చూశాం. ఎవరిది ఖాకీ, ఎవరిది ఆకుపచ్చ అన్నది వాటిలో తేలదు.

మరి ఏం చూడాలి? నాకు తెలిసినంతలో చెబుతాను. ఇందులో మంత్రమేమీ లేదు, ఓపిక కావాలి అంతే.

మొట్టమొదట దారం. చొక్కా పట్టుకోగానే అందరూ బ్యాడ్జీ చూస్తారు. నేను చొక్కాను తిరగేసి కుట్టు చూస్తాను. బ్యాడ్జీ పది నిమిషాల్లో మార్చొచ్చు, కుట్టంతా మార్చడం కష్టం. లోపలి అంచునుంచి అంగుళం దారం తీసి అగ్గిపుల్లకు చూపిస్తే కథ సగం తేలిపోతుంది. నూలు దారం కాగితం కాలిన వాసనేసి బూడిదవుతుంది. పాలియెస్టరు దారం కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పాలియెస్టరు నూలును ఇంగ్లండులో కనిపెట్టిందే 1941లో, అది బజారుకు వచ్చింది 1950ల్లో. కాబట్టి పూస కట్టిన దారంతో కుట్టిన చొక్కా పోలీసు చర్య నాటిది కాజాలదు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. తర్వాతెప్పుడో చేసిన మరమ్మతు దారం కూడా కావచ్చు. అందుకని ఒక్కచోట కాదు, చంకలో, కాలరులో, జేబు మూలలో మూడుచోట్ల చూడాలి.

రెండోది మెరుపు. ఈ మధ్య నోట్లు పరీక్షించే ఊదారంగు దీపాలు చవగ్గా దొరుకుతున్నాయి. చీకటి గదిలో ఆ వెలుగు పడితే కొన్ని బట్టలు నీలంగా మెరుస్తాయి. బట్టను తెల్లగా కనిపించేలా చేసే రసాయనం మహిమ అది. సబ్బు పొడుల్లో అది విరివిగా చేరింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. "మెరిసిందా, నకిలీ!" అని కొందరు కుర్రాళ్ళు వెంటనే తీర్పు చెప్పేస్తారు. అది తప్పు. నిజమైన పాత చొక్కానే నిన్న ఆ ఇంటి కోడలు సర్ఫులో నానబెట్టి ఉతికితే అదీ మెరుస్తుంది. మెరవకపోతే మంచి గుర్తు, మెరిస్తే మాత్రం అనుమానమే, రుజువు కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా చరిత్ర విద్యార్థికి ప్రాణం.

మూడోది వెలిసిన తీరు. ఎండలో తిరిగిన మనిషి చొక్కా భుజాల మీద, కాలరు మడత మీద వెలుస్తుంది. జేబు మూత కింద, కుట్టు మడత లోపల అసలు రంగు దాక్కుని ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉన్న బ్యాడ్జీని తీస్తే కింద ముదురు ముద్ర మిగులుతుంది. టీ డికాషన్లో ముంచి ముసలితనం తెచ్చిన చొక్కాకు ఈ తారతమ్యం ఉండదు. లోపలా బయటా ఒకే గోధుమ రంగు, దారానికీ అదే రంగు. ముసలితనం మనిషికైనా, గుడ్డకైనా అంతటా ఒకేలా రాదు గదా!

నాలుగోది ముద్రలు. బ్రిటిషు కాలంలో ఇండియాలో తయారైన సర్కారు సరుకు మీద బాణం గుర్తు, దాంతో పాటు ఆంగ్ల అక్షరం ‘ఐ’ కనిపిస్తుంది. అది సరుకు ఎవరిదో చెబుతుంది గానీ, ఎవరు తొడిగారో చెప్పదు. గుండీల మీదా, హోదా గుర్తుల మీదా కిరీటముంటే 1950కి ముందుది. అశోకుడి సింహాలుంటే 1950 జనవరి 26 తర్వాతిది. కోటా భారు నాటిదని చెప్పిన చొక్కాకు అసలు కుట్టుతోనే సింహాల గుండీలుంటే నమస్కారం పెట్టి వచ్చేయొచ్చు. గరుకు అతుకు పట్టీ, అదే వెల్క్రో, ఉందంటే ఇక మాట్లాడే పనే లేదు, అది 1950లదో ఆ తర్వాతిదో అయిన సరుకు.

సంవత్సరం అంకెల విషయంలో మన ఊరికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. పాత హైదరాబాద్ సర్కారు లెక్క ఫస్లీ సంవత్సరం. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. ఉర్దూ అంకెల్లో 1357 అని ముద్ర కనిపిస్తే అది ఫస్లీ కావచ్చు, అంటే 1947–48. హిజ్రీ అనుకుంటే 1938 అవుతుంది. అదే 1947–48 హిజ్రీ లెక్కలో 1367. పదేళ్ళ తేడా! ఈ లెక్క తెలియక నిజమైనదాన్ని నకిలీ అన్నవాళ్ళనూ చూశాను, నకిలీని నెత్తిన పెట్టుకున్నవాళ్ళనూ చూశాను.

అయిదోది నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు, చాకలి గుర్తు. కాలరు లోపలో, చొక్కా అంచు మీదో నల్లజీడి రసంతో పెట్టిన చుక్కలు, గీతలు. ఎన్ని ఉతుకులైనా పోదు. ఈ ఇంటిది, ఆ ఇంటిది కలిసిపోకుండా చదువు రాని మనిషి కట్టిన గ్రంథాలయ వర్గీకరణ అది. నకిలీలు తయారుచేసేవాడు కిరీటాన్నీ సింహాన్నీ గుర్తు పెట్టుకుంటాడు గానీ, చాకలిని మర్చిపోతాడు. చరిత్ర రాసేవాళ్ళూ తరచుగా అదే పని చేస్తారు. చాకలి గుర్తున్న చొక్కాను ఒక మనిషి తొడిగాడు, ఇంకో మనిషి ఉతికాడు. అంతవరకు మాత్రం నమ్మొచ్చు.

ఇన్ని పరీక్షలూ కలిసి మనకు చెప్పేదేమిటి? ఈ చొక్కా ఫలానా కాలానిది కాదని గట్టిగా చెప్పగలవు. ఫలానా కాలానిది కావచ్చని కొంత చెప్పగలవు. దీన్ని ఫలానా మనిషి, ఫలానా పక్షాన నిలబడి తొడిగాడని మాత్రం ఏ దారమూ, ఏ గుండీ చెప్పలేదు. అది చెప్పగలిగేది ఆ చొక్కా ఏ ఇంటినుంచి, ఎవరి చేతిమీదుగా వచ్చిందన్న సమాచారమే. సంత గుట్టలో పడేసరికి ఆ ముడి తెగిపోతుంది. తెగిన ముడిని కథతో అతకడమే అసలు మోసం.

ఇదంతా కాలక్షేపం కబురు కాదు, ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యాసంస్థలో, పేరెందుకు, సెప్టెంబరు 17 సందర్భంగా ప్రదర్శన పెట్టారు. అద్దాల పెట్టెలో ఒక ఖాకీ చొక్కా, కింద "రజాకారు ధరించిన చొక్కా" అని చీటీ. జేబు మూత దగ్గర దారం నిగనిగలాడుతూ నాకు పాలియెస్టరులా కనిపించింది. చొక్కా ఎక్కడినుంచి వచ్చిందంటే "బజార్లో కొన్నాం సార్" అన్నారు. చూడవచ్చిన పిల్లల్లో ఒకబ్బాయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చివరికి మెల్లగా అడిగాడు: "సార్, మా ముత్తాతది ఇట్లాంటి చొక్కానే మా ఇంట్ల ఉంది. ఆయన నిజాం కాలంల బస్సు డ్రైవరని మా నాయనమ్మ చెప్తది. మరి ఆయన గూడ రజాకారేనా?"

1932లో ఇరవై ఏడు బస్సులతో మొదలైన నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు సర్వీసులో స్టీరింగు పట్టుకుని సంసారం ఈదిన మనిషి అయి ఉంటాడు ఆయన. ఒక చీటీ, నాలుగు మాటల చీటీ, ఆ ఇంటి పెద్దను ఇంటి పిల్లాడి ముందే ముద్దాయిగా నిలబెట్టింది. పిల్లాడికి నేను జవాబు చెప్పాను. చీటీ మార్చమని నిర్వాహకులకూ చెప్పాను. "ఎఫెక్టు పోతుంది సార్" అన్నారు. ప్రదర్శన అయ్యేదాకా చీటీ అలాగే ఉంది.

రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటిని అనుభవించిన పల్లెలున్నాయి, చెప్పుకుని ఏడ్చిన తల్లులున్నారు. పోలీసు చర్య తర్వాత మరఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ ముస్లిములు ఊచకోతకు గురికావడమూ నిజమే. ఆ రోజుకు విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, సమైక్యతా దినమని ఇంకొకరు పేరు పెట్టుకుని నేటికీ వాదించుకుంటున్నాం. ఇంత పచ్చిగా ఉన్న గాయం మీద మనం పెట్టే ప్రతి వస్తువూ శుభ్రంగా ఉండాలి. నిజంగా బాధపడ్డవాళ్ళ సాక్ష్యానికి సంతలో కొన్న అబద్ధపు చొక్కా బలమివ్వదు. రేపెవరో ఆ దారాన్ని కాల్చి చూపించి, "చొక్కాలాగే మిగతాదీ కట్టుకథే" అంటే ఏం చెబుతాం? నకిలీ సాక్షి వల్ల నష్టపోయేది న్యాయమున్న పక్షమే.

"మరీ ఇంత పట్టింపెందుకండీ, చొక్కా ఏదైతేనేం, విషయం తెలియాలి గానీ" అని ఒక లెక్చరరు మిత్రుడు నాతో వాదించాడు. నాటకానికి ఆ మాట సరిపోతుంది. నాటకంలో వేషం వేషమని అందరికీ తెలుసు. సినిమాకు కుట్టిన చొక్కా సినిమాలో నిజాయితీపరురాలే. అద్దాల పెట్టెలోకి వచ్చి "నేనక్కడున్నాను" అన్నప్పుడే అది అబద్ధమాడుతుంది. వస్తువు లేకపోతే "నమూనా" అని రాసి నమూనా పెట్టండి. ఎవరూ మనల్ని తక్కువ చేయరు.

చట్టం సంగతులు రెండు కుర్రాళ్ళు తెలుసుకోవాలి. పాత చొక్కా దాచుకోవడం నేరం కాదు. సైనికుణ్ణని ఇతరులు నమ్మాలనే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకు తిరిగితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను కింద నేరం. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని మనంతట మనం విదేశాలకు పంపకూడదు. 1918లో పాలస్తీనాలో పోరాడిన హైదరాబాద్ లాన్సర్ల నాటి వస్తువు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే దానికి ఆ వయసు వచ్చేసింది. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ లాన్సరుకు ప్రతీక అని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

విద్యార్థి సంఘానికి నా విన్నపాలు మూడే. ఒకటి: కాలేజీలో ఏ పాత వస్తువు ప్రదర్శించినా, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, వాళ్ళ మాటల్లో ఏం చెప్పారు అని ఒక రిజిస్టరు రాయండి. రెండు: చీటీ మీద తెలిసింది, విన్నది, తెలియనిది వేరువేరుగా రాయండి. "ఖాకీ చొక్కా. నూలు. 1950కి ముందుది కావచ్చు. ధరించినవారెవరో తెలియదు." ఈ చీటీలో ఎఫెక్టు లేకపోవచ్చు, అబద్ధం కూడా లేదు. మూడు: సంతలో కొనే డబ్బుతో బస్సెక్కి, ముసలివాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళండి. బార్కస్ అనే పేరే బ్యారక్సు నుంచి వచ్చింది, నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల సంతతి అక్కడుంది. ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఆ రౌతుల మనవలు, మునిమనవలు అక్కడున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలుంటే, వాటితో పాటు చెప్పే నోరూ ఉంటుంది. చొక్కా అడక్కండి, మాట అడగండి. ముందు చాయ్ తాగండి, తర్వాత రాసుకోండి. 1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. దారం ఇంకో వందేళ్ళు ఉంటుంది, వాళ్ళు ఉండరు.

చదువు మనకిచ్చే డిగ్రీల మాట అటుంచితే, "తెలియదు" అని సిగ్గుపడకుండా చెప్పగలగడం దాని అసలు ఫలం అని నా నమ్మకం. జుమేరాత్ బజారులో అంగడివాడు ఆ మాట చెప్పలేడు, చెబితే అతని సరుకు అమ్ముడుపోదు. మనకా ఇబ్బంది లేదు. మనం అమ్మేదేమీ లేదు గనుక, చీటీ మీద నిజమే రాద్దాం.